చంపడం రాని కత్తి

నేను ఒక కత్తిని. కంగారు పడకండి, ఇంతవరకూ నిమ్మకాయనైనా కోసి ఎరగను. నా రేకు అల్యూమినియం, పిడిలో ఒక స్ప్రింగు. ఎవరినైనా పొడిస్తే రేకు వెనక్కి జరిగి పిడిలోకి దూరిపోతుంది. చూసేవాళ్ళు మాత్రం పొట్టలోకి దిగిందనుకుంటారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో, షూటింగులకు సామాను అద్దెకిచ్చే మస్తాన్ నన్ను తన చేతులతో తయారుచేశాడు. ఇప్పుడూ అతని ఇనప్పెట్టెలోనే, దొంగ పిస్తోళ్ళకూ అట్ట కిరీటాలకూ మధ్య పడి ఉన్నాను. ఈమధ్య కత్తుల్ని కంప్యూటర్లోనే గీసేస్తున్నారట. మంచిదే, వాటికి స్ప్రింగు తుప్పు పట్టే బాధ ఉండదు.

నాతో చచ్చినవాళ్ళకు లెక్కలేదు. అందరూ లేచి, దుమ్ము దులుపుకుని, టీ అడిగినవాళ్ళే. మస్తాన్ వెళ్ళే షూటింగుల్లో ఒక ఆచారం ఉండేది. చావు సీను తీయగానే, చచ్చినవాళ్ళు లేచి కెమెరాలోకి చూసి ఒకసారి నవ్వాలి. ఉత్తుత్తి చావైనా కీడు అంటుకోకూడదు కదా. పైగా చంపినవాడే చెయ్యిచ్చి లేపాలి. ఎంత పెద్ద హీరో అయినా ఆ ఒక్క క్షణం బుద్ధిగా వంగి, తను చంపిన జూనియర్ ఆర్టిస్టును లేపేవాడు. నాకు ఆ పద్ధతి నచ్చేది.

ఆ రోజుల్లో అభిరామ్ అనే కొత్త డైరెక్టరు ఒక కథ పట్టుకొచ్చాడు. అందులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు వరసపెట్టి మనుషుల్ని చంపుతాడు. చివరికి తనను పెంచిన పిన్నిని కూడా. కోపం లేదు, పగ లేదు. చంపాక చేతులు కడుక్కుని పెరుగన్నం తింటాడు. ఆ వేషానికి లోకనాథం అనే పార్వతీపురం కుర్రాణ్ణి తీసుకున్నారు. తండ్రికి అక్కడ సైకిళ్ళ రిపేరు షాపు. కొడుకు నాటకాల్లో ఏడుపు పాత్రలకు పేరు తెచ్చుకున్నవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి రోజు అతని ముఖంలో జాలి కనిపించిందని అభిరామ్ షాట్ ఆపేశాడు.

“నీకన్నా ముందు ఒకణ్ణి ఇందుకే పంపించేశాను. నీ మొహంలో నాకేమీ కనపడకూడదు,” అన్నాడు.

లోకనాథానికి అది మొదటి అవకాశం. పోగొట్టుకుంటే మళ్ళీ ఎవరు పిలుస్తారు? చెప్పినవన్నీ చేశాడు. యూనిట్లో ఎవరూ అతనితో మాట్లాడకూడదన్నారు, మాట్లాడలేదు. భోజనం ఒక్కడికే వేరే గదిలో. ఇంటినుంచి ఫోనొస్తే ఊ, ఆ అని పెట్టేసేవాడు. అలవాటు కావాలని నన్ను రోజంతా అతని చేతిలోనే ఉంచారు. నాకు ముఖాల సంగతి అంతగా తెలియదు, అరచేతుల సంగతి తెలుసు. మొదట్లో ఆ చెయ్యి వణికేది, చెమట పట్టేది. కొన్నాళ్ళకు వణుకు పోయింది. తరవాత చెమట కూడా పోయింది. ఇక ఆ చేతిలో ఉన్నా, గోడ మేకుకు వేలాడుతున్నా నాకు తేడా తెలిసేది కాదు. అభిరామ్ మానిటర్ ముందు కూర్చుని మురిసిపోయేవాడు. ఒక మనిషిలోంచి మనిషిని తీసెయ్యడానికి అంతమంది జీతాలు పుచ్చుకుని పనిచేయడం నేనక్కడే చూశాను.

పిన్ని వేషం అనసూయమ్మది. తెనాలి నుంచి వచ్చిన పాతకాలపు నాటకాల మనిషి. సినిమాల్లో ఆవిడకు దొరికేవన్నీ చచ్చిపోయే పాత్రలే. ఆ హత్య ఒక్క టేకులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ పడుకున్నచోటినుంచే చెయ్యి చాపింది.

“చెయ్యియ్యి నాయనా. మోకాళ్ళు పట్టేసినయ్.”

లోకనాథం అభిరామ్ వైపు చూశాడు. అభిరామ్ తల అడ్డంగా ఊపాడు. “ఇంకా షాట్లున్నాయమ్మా, అతని మూడ్ పోతుంది. మీరే లేవండి.”

లోకనాథం నన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అనసూయమ్మ నేలకు చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచి, అప్పటికే ఆపేసిన కెమెరా వైపు చూసి నవ్వింది. నాకు సిగ్గేసింది.

సినిమా బాగా ఆడింది. ఆ కళ్ళలో ఏమీ లేదు చూశారా అని జనం మెచ్చుకున్నారు. లోకనాథంతో ఫోటోలు దిగే కుర్రాళ్ళు, అన్నా, నవ్వకు, సినిమాలోలాగే చూడు అని బతిమాలేవారట. నేను మళ్ళీ ఇనప్పెట్టెలోకి వచ్చేశాను.

చాలా నెలల తరవాత, ఒక మధ్యాహ్నం లోకనాథం మస్తాన్ కొట్టుకు వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కత్తి ఒకసారి కావాలన్నాడు. మస్తాన్ ఆ గుండు చూసి, ఎందుకని అడగకుండా నన్ను తీసిచ్చాడు. లోకనాథం నన్ను జేబులో పెట్టుకుని, వెనక సందులో అనసూయమ్మ ఉండే గదికి వెళ్ళాడు. ఆవిడ గోంగూర గిల్లుతోంది.

“మా నాన్న పోనాడమ్మా,” అన్నాడు. “పెద్దకర్మ కూడా అయిపోనాది. నాకు ఏడుపు రానేదు. మాయమ్మ సెవికాడికొచ్చి, యాక్షనైనా సెయ్యి బాబూ, జనం సూస్తన్నారు అంది. అదీ రానేదు.”

కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. నేను ఎన్నో చావులు చూశాను గాని, అంత చచ్చిన గొంతు వినలేదు.

“ఆ రోజు నీకు సెయ్యివ్వనేదు. అందుకేనేమో అనిపిస్తంది.”

“పిచ్చోడా, అయ్యన్నీ మనం పెట్టుకున్నయ్యే,” అంది ఆవిడ. కాసేపు అతని ముఖంలోకి చూసి, గోంగూర చేట పక్కకు జరిపి, చాప మీద వెల్లకిలా పడుకుంది. “సరే, పొడువు.”

పొడిచాడు. నా రేకు లోపలికి పోయింది. ఆవిడ తల పక్కకు వాలిపోయింది. లోకనాథం వంగి చెయ్యి అందించాడు.

“లేమ్మా.”

ఆవిడ లేవలేదు. చెయ్యి పట్టుకుని లాగితే మెత్తగా జారిపోయింది. “సాల్లేమ్మా, లే,” అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. నన్ను కింద పడేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు కాబోలు, భుజాలు పట్టి కుదిపేశాడు. ఆవిడ ఎన్నేళ్ళుగానో శవం వేషాలు వేస్తున్న మనిషన్న సంగతి నాకే గుర్తు రాలేదు. నిమ్మకాయ కోయడం చేతకానిదాన్ని, ఇవాళ నిజంగానే చంపేశానా అని భయపడిపోయాను.

“అమ్మా,” అన్నాడు గొంతు పగిలిపోయి. మళ్ళీ, “అమ్మా.” ఇంకోసారి అనబోయి, “నాన్నా,” అని అరిచాడు.

ఆ అరుపు ఆగలేదు. చాప మీద మోకాళ్ళ మీద కూలబడి, చీమిడీ కన్నీళ్ళూ కలిసిపోయి, ఏ డైరెక్టరూ ఒప్పుకోనంత వికారంగా ఏడ్చాడు.

అనసూయమ్మ కళ్ళు తెరిచింది. లేవలేదు. పడుకునే చెయ్యెత్తి ఆ గుండు మీద వేసింది.

“ఏడువు నాయనా. ఇక్కడ జనం ఎవరూ లేరు.”