ఖాళీగా పోయిన గంట

తమ సంఘంలోని బస్సు డ్రైవరుకి గుండె ఆపరేషన్ అని తెలియగానే ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళంతా కలిసి గొలుసు ప్రార్థన పెట్టుకున్నారు. ఆపరేషన్ జరిగే గురువారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మనిషికో గంట. ఎవరింట్లో వాళ్ళు మోకరించాలి. గంట నిండగానే తర్వాతి ఆమెకు ఫోన్ చేసి "అయింది, అందుకో" అనాలి. మధ్యలో తెగకూడదు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఉన్న గంట మిషనక్క తీసుకుంది. ఆపరేషన్ ముమ్మరంగా సాగే సమయం అదే కనుక, పేర్లు రాసుకుంటున్న టీచరమ్మ ఆమె వంకే చూసింది కూడా. వీధి గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని బతికే ఆమెకు మిషనక్క అనే పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది. పిల్లకు జ్వరమొచ్చినా, మొగుడికి పని పోయినా "అక్కా, ప్రార్థనలో పెట్టుకో" అంటూ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. అలా రావడం ఆమెకు బాగుండేది. ఎంత బాగుండేదో ఆమెకు తెలుసు.

ఆ గురువారం మధ్యాహ్నం మిషన్ మీద బడిపిల్లల గౌన్లు ముప్పై ఉన్నాయి, తెల్లారితే ఇవ్వాలి. రెండు కొట్టినప్పుడు చేతిలో ఉన్న కాలరు చూసి, ఇది ఒక్కటి తిప్పేసి లేద్దామనుకుంది. ఆ తర్వాత దారం తెగింది. తర్వాత ఇంకో కాలరు. తల ఎత్తింది ఫోన్ మోగినప్పుడే.

"అక్కా, మూడు దాటింది, ఇంకా చేయలేదేంటా అని నేనే చేశా. అయిందా?" అంది తర్వాతి గంట తీసుకున్న టీచరమ్మ.

నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "అయింది, అందుకో," అంది మిషనక్క.

శనివారం డ్రైవరు భార్య వచ్చింది. రెండు రోజులుగా విప్పని చీర, పీక్కుపోయిన కళ్ళు, అయినా మొహం వెలిగిపోతోంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా మిషనక్క రెండు చేతులూ పట్టుకుంది.

"రెండున్నరకి గుండె ఆగిపోయిందట అక్కా. మళ్ళీ కొట్టుకుందట. డాక్టరుగారే చెప్పారు. రెండున్నరంటే నీ గంటే కదా. రేపు మందిరంలో సాక్ష్యం చెప్తాను. నువ్వు నా పక్కన నిలబడాలి. మా ఆయన్ని నిలబెట్టింది నువ్వే."

"నేనేం చేశానే," అంది మిషనక్క. డ్రైవరు భార్య దాన్ని వినయం అనుకుని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర మిషనక్క తన భర్తకి జరిగింది చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంట్లో అద్దం లేకపోయినా అన్నిటినీ దగ్గరగా పెట్టుకునే చూస్తాడు.

"నువ్వేమైనా మనిషిని చంపావా? బతికాడుగా. నోరు మూసుకుంటే ఆవిడా సంతోషం, నువ్వూ సంతోషం. పైవాడికెలాగూ తెలుసు, ఆయనేం వచ్చి టీచరమ్మతో చెప్పడు."

"తెలిసినవాడి ముందే కదా రేపు నిలబడాల్సింది."

"అయితే కాళ్ళు నొప్పులని చెప్పి కూర్చో," అన్నాడు ఆయన, మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. ఆమె కంచం పక్కకు జరిపింది.

ఆదివారం ఆరాధనకు ముందే వెళ్ళి, చెప్పులు విడిచే చోట డ్రైవరు భార్యను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చినవి మూడు మాటలు.

"నేను ప్రార్థన చేయలేదు. గౌన్లు కుడుతూ కూర్చున్నాను. అయిందని అబద్ధం చెప్పాను."

డ్రైవరు భార్య ఆ చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది. 

"ఆ గంట నాకూ ప్రార్థన నోట్లోకి రాలేదు," అంది. "ఆ గది బయట బల్ల మీద కూర్చుని తలుపు చూస్తూ ఉండిపోయాను. పోనీలే, అక్క చేస్తోంది కదా అనుకున్నాను. నీ మీద వేసి ఊరుకున్నాను."

కొంగు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మిషనక్కకి.

సాక్ష్యాల సమయంలో డ్రైవరు భార్య ఒక్కతే లేచింది. 

"గురువారం రెండు నుంచి మూడు దాకా మా ఆయన కోసం ఎవరూ ప్రార్థన చేయలేదు. నేను కూడా చేయలేదు. అప్పుడే ఆయన గుండె ఆగింది. అడిగేవాళ్ళు లేకపోయినా దేవుడు మళ్ళీ కొట్టించాడు. స్తోత్రం." కూర్చుంది.

స్తోత్రం అనాల్సిన వాళ్ళు అనడం మరిచిపోయారు. పాస్టరుగారు కాగితాలు సర్దారు. ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. "రెండు నుంచి మూడా? అదెవరిది?" అని ఎవరో పక్కవాళ్ళను అడిగారు. టీచరమ్మ తల తిప్పి ఇటు చూసింది, చూసి వెంటనే తిప్పేసుకుంది. ఆమె చెప్పదు. డ్రైవరు భార్య అసలే చెప్పదు. కాసేపు కూర్చుంటే చాలు, ఆ మాట దానంతటదే సద్దుమణుగుతుంది.

మిషనక్క ముందు బల్ల పట్టుకుని లేచింది.

"నాది," అంది. "ఆ గంట నాది. అయిందని టీచరమ్మకి అబద్ధం చెప్పాను."

 పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట సంఖ్య చెప్పారు. అందరూ లేచారు. అప్పటిదాకా ఒంటరిగా నిలబడ్డ ఆమె అందరిలో కలిసిపోయింది కానీ, పాట మాత్రం ఎత్తుకోలేకపోయింది.

బయట చెప్పుల దగ్గర చాలామంది తప్పుకుని వెళ్ళారు. డ్రైవరు భార్య కూడా దాటి నాలుగడుగులు పోయింది. తర్వాత వెనక్కి తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"రేపు పొద్దున ఆస్పత్రిలో ఆయన దగ్గర కూర్చునేవాళ్ళు కావాలి. ఇంటికెళ్ళి నాలుగు బట్టలు ఉతుక్కోవాలి నేను."

"నేను వస్తాను."

"వస్తానంటే సరిపోదు. రావాలి."

"ఎన్నింటికి?" అంది మిషనక్క.