మూడో నంబరు పైపు

నా చేతిపని మీద నాకు పొగరుంది. ఉండాలి కూడా. సాలూరు లారీ షెడ్లలో ఇరవై రెండేళ్ళు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. అప్పలసూరి ముట్టుకున్న బండి మళ్ళీ షెడ్డు ముఖం చూడదని పేరు. అలాంటిది అరవై ఎనిమిది వేసవిలో గణపతిరావు గారి పాత లారీ మూడు నెలల్లో నాలుగు సార్లు నా పరువు తీసింది.

ఇంజను పక్కన పంపు ఉంటుంది. దాన్నుంచి ఆరు సన్నటి ఉక్కు పైపులు ఆరు సిలిండర్లకీ డీజిల్ అందిస్తాయి. ఆ ఆరింటిలో మూడోది మాత్రమే విరుగుతోంది. అదీ ఒకే చోట, పంపు దగ్గర నట్టు పక్కన. బండితో వచ్చిన పైపు పదకొండేళ్ళు బతికింది. దాని తర్వాత వేసింది నెల. ఆ తర్వాతది ఇరవై రోజులు. మొన్నటిది పదిహేను.

పైపు కొత్తది, బిగించింది నేను. మరి తప్పెవడిది? డ్రైవరు ఏసుదానానిదని తేల్చేశాను. "కొండ ఘాటీలో ఇంజన్ని సంపేస్తన్నాడు బాబూ" అని షెడ్డు నిండా జనం వింటుండగా గణపతిరావు గారితో అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అంతకన్నా తేలికైన దారి ఏముంది? వెనకనుంచి ఇంకెవడో అందుకున్నాడు: "మన దేవుడంటే గిట్టనోడి సేతిలో బండెడితే ఇంకేటవుతాది?" ఆ మాట నేననలేదు. అన్నవాడి నోరూ మూయించలేదు.

చివరికి గణపతిరావు గారు తెగేసి చెప్పారు. "రేపు కోరాపుట్‌కి ఉప్పు బస్తాలెల్లాల. నానూ వస్తాను. సూరీ, నువ్వూ రా. ఈపాలి పైపు ఇరిగిందంటే, ఏసుదానం, ఇరిగిన సోటే స్టీరింగు దిగిపోవాల."

ఏసుదానం తలూపాడు. వాడి రెక్కల మీద ఇంట్లో అయిదుగురు బతుకుతున్నారు. సాలూరులో ఒక ఓనరు దింపేసిన డ్రైవరుకి ఇంకో ఓనరు బండి ఇవ్వడు.

పొద్దున్నే బయల్దేరాం. ఘాటీ మొదలవగానే నేను కేబిన్లోంచి దిగి, ఇంజను పక్క రేకు విప్పించి, ముందు మడ్గార్డు మీద కూర్చున్నాను. ఒక చేత్తో లైటు కమ్మీ పట్టుకుని పైపుల మీదే కళ్ళు పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఏసుదానం ఇంజన్ని ఎక్కడ చంపుతాడో కళ్ళారా చూసి, ఓనరు ముందే నిరూపించాలని నా పట్టుదల.

వాడు చంపలేదు. మలుపు రాకముందే గేరు దించుతున్నాడు. యాక్సిలరేటరు మీద కాలు పసిపిల్ల మీద వేసినంత మెత్తగా వేస్తున్నాడు. తప్పు దొరకనందుకు నాకు ఒళ్ళు మండింది.

రెండో మలుపులో మొదటి గేరు పడింది. బండి మూలుగుతూ ఎక్కుతోంది. అప్పుడు చూశాను. అయిదు పైపులు కుదురుగా ఉన్నాయి. మూడోది వణుకుతోంది. దాని నడుమ కట్టిన ఇత్తడి గొట్టం కంటికి ఆనకుండా ఊగుతోంది.

ఆ గొట్టం నేను చేసిందే. మొదటి పైపు విరిగినప్పుడు గణపతిరావు గారి తల్లి నారాయణమ్మ గారు పూజ చేయించిన రాగి రక్షరేకు తెచ్చి, "బండికి కట్టు నాయినా" అన్నారు. ఉత్త రేకైతే నూనెకి పాడవుతుందని వేలెడంత మందపాటి ఇత్తడి గొట్టం కోసి, రేకు అందులో పెట్టి, రెండు మూతలూ బిగించాను. దెబ్బ తగిలిన చోటే రక్ష ఉండాలని మూడో పైపుకి తీగతో కట్టాను. పావు కిలో బరువుంటుంది. పైపు మార్చినప్పుడల్లా దాన్ని భక్తిగా విప్పి కొత్తదానికి కట్టిందీ నేనే.

చెయ్యి చాచి గొట్టాన్ని పట్టుకున్నాను. వణుకు ఆగింది. వదిలాను, మొదలైంది. మళ్ళీ పట్టుకున్నాను, ఆగింది. అంతలో నట్టు పక్కన డీజిల్ చుక్క కనిపించింది. చూస్తుండగానే అది దారమంత ధార అయి, కాలిన ఇనుము మీద పడి పొగలు లేచాయి.

"ఆపరా! ఏసుదానం, ఆపు!"

ఇంజను దగ్గి ఆగిపోయింది. బ్రేకు పట్టినా ఉప్పు బరువుకి బండి వెనక్కి జారింది. పక్కన లోయ. ఏసుదానం స్టీరింగు తిప్పి వెనక భాగాన్ని కొండ కట్టవైపు మళ్ళించాడు. నేను దూకి పరిగెత్తి వెనక చక్రం కింద ఓ రాయి తోశాను. అది దొర్లిపోయింది. రెండోది రెండు చేతులా ఎత్తి పడేశాను. ఆగింది. రోడ్డు మీదే కూలబడ్డాను.

గణపతిరావు గారు దిగి ఇంజన్లోకి చూశారు. పొగ, తడి, నట్టు పక్కన చీలిన మూడో పైపు.

"దిగరా," అన్నారు.

ఏసుదానం సీటు మీది తువ్వాలు తీసుకుని దిగాడు.

నా సంచిలో కొత్త పైపు ఉంది. నోరు మూసుకుని, ఇత్తడి గొట్టం లేకుండా దాన్ని బిగిస్తే చాలు, ఇంక విరగదు. డ్రైవరుని మార్చాక బండి బాగుపడిందంటారు జనం. నా పేరు నిలుస్తుంది. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది, కాసేపు ఉంది కూడా.

ఏసుదానం తువ్వాలు భుజాన వేసుకుని దిగువకి నడవడం మొదలుపెట్టాడు. సాలూరు వైపు.

"బాబూ, తప్పు ఆడిది కాదు," అన్నాను. "నాది."

గొట్టం విప్పి గణపతిరావు గారి చేతిలో పెట్టాను. "అమ్మగారు బండికి కట్టమన్నారు. పైపుకి కట్టింది నాను. దీని బరువుకి ఊగి ఊగి పైపు మెడ కాడ ఇరిగిపోతన్నాది. ఆడు ఇంజన్ని సంపనేదు. నాను కళ్ళారా సూసినాను."

ఆయన దాన్ని చేతిలో ఎగరేసి బరువు చూశారు. కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నారు. తర్వాత కేకేశారు. "ఒరే ఏసుదానం, ఇలా రా! నీకిది తెల్సా?"

వాడు వెనక్కొచ్చాడు. "రెండో పైపు ఇరిగినప్పుడే అనుమానం ఒచ్చింది బాబూ."

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే ఏటనేవోరు? రక్షరేకు మీద కిరస్తానోడు సెయ్యెట్టాడనేవోరు కాదేటి?"

నేను వంగి పైపు బిగించాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క నట్టు బిగించడానికి అంత సేపు నాకెప్పుడూ పట్టలేదు.

"ఎక్కు. బండి నీదే," అన్నారు గణపతిరావు గారు.

ఏసుదానం ఎక్కాడు. నేను వాడి తలుపు దగ్గర నిలబడ్డాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "తప్పయిపోనాదిరా. మనసులో ఎట్టుకోకు."

వాడు రోడ్డువైపే చూస్తూ అన్నాడు. "ఈ మాట ఇక్కడెందుకు మావా? ఈ కొండలకి నా మీద అనుమానం నేదు. షెడ్డు కాడ అను."

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న షెడ్డు దగ్గర అన్నాను. టీ గ్లాసులు పట్టుకుని నలభై మంది దాకా ఉన్నారు. మొదటిసారి నోట్లోనే గొణిగాను.

ఏసుదానం గ్లాసు కింద పెట్టాడు.

"ఇనిపించనేదు మావా," అన్నాడు.

మళ్ళీ అన్నాను. ఈసారి గట్టిగా.