గుర్రం మొహం

ఎండ చదరంగం బల్లమీదికి వచ్చింది.

నల్లగుర్రం నీడ రెండు గళ్లు దాటి, గోడవార ఖాళీ కుర్చీ వైపు సాగింది...

అది మా ఆవిడ కుర్చీ. పదకొండేళ్లపాటు ఆదివారాలు అక్కడే కూర్చుని స్వెట్టర్లు అల్లింది. ఆమె పోయాక కూడా ఎవరూ దాన్ని తీయలేదు. అదే పదివేలు.

టీమువాళ్లకే ఈ క్లబ్బు గది. ఈ ఆట పోతే టీములో నా పేరు పోతుంది. పేరు పోతే గది పోతుంది. గది పోతే ఆ కుర్చీ...

డ్రా చాలు.

ఎదురుగా అవతలి టీము లెక్కల టీచరు. రేటింగులో నాకంటే తొమ్మిది వందల పాయింట్లు పైన.

"బాబాయ్, ఆవిడ ముందు ఇరవై ఎత్తులు నిలబడు. సన్మానం చేయిస్తా," అన్నాడు పొద్దున మా కెప్టెన్.

నలభై నిలబడ్డాను.

నా బంట్లు ఇరుకు వాటాలో కాపురాల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మధ్యలో గుర్రం. అది కదలనంతవరకు ఆమెకు దారి లేదు. నా రాజు పక్క గడికి — మళ్లీ వెనక్కి. అటు — ఇటు. అటు — ఇటు.

టీచరు పెదవి కొరుక్కుంది. ఎత్తు వేసి గడియారం నొక్కింది.

నా వంతు.

గుర్రం కొంచెం పక్కకు తిరిగి ఉంది.

ఇంట్లో మా ఆటకు ఒకటే షరతు, మా ఆవిడ పెట్టింది — "మీరెలాగూ తలెత్తరు. గుర్రమైనా నన్ను చూడనీండి."

వేలు దానంతటదే వెళ్లింది. గుర్రం మొహాన్ని కుర్చీ వైపు తిప్పింది.

'సర్దుతున్నా' అనలేదు.

అనకుండా ముట్టుకుంటే ఆ పావునే ఆడాలి. అది నియమం.

టీచరు నా వేలిని చూసింది. నన్ను చూసింది. గొంతు తగ్గించింది.

"సర్దుతున్నారు కదండీ?"

ఒక్క 'ఊఁ' చాలు.

ఎంత మంచి మనిషి...

ఆ కుర్చీ ముందు అబద్ధం ఎలా ఆడను?

"లేదమ్మా. ముట్టుకున్నాను."

గుర్రాన్ని కదిపాను. కొత్త గడిలో కూడా మొహం అటే పెట్టాను.

దారి తెరుచుకుంది. నా ఓటమికి ఇంక మూడే మూడు ఎత్తులు. ఇద్దరికీ కనిపిస్తున్నాయి.

టీచరు ఆ కుర్చీవైపు చూసింది. వెంటనే ఆడలేదు. గడియారం ఆమె వైపే నడుస్తోంది. తన టైమే కరిగిస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది — నేనింకా కాసేపు ఇక్కడే ఉండేలా.

ఎండ బల్ల దిగుతోంది.

గుర్రం నీడ సాగుతోంది... సాగుతోంది...

కుర్చీ ఇంకా దూరమే.