ఆగని కలం

పురపాలక సభలో మా వీధికున్న ఒక్క కుళాయి తీసేసే తీర్మానం మేం వెళ్ళిన రోజే వచ్చింది. స్వచ్ఛంద పరిశీలకులుగా వదినా నేనూ వెనక బెంచీలో కూర్చున్నాం. మాట్లాడకూడదు, రాసుకోవచ్చు. వాళ్ళ మాటలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భయంతో దేవుడి పేరే రాస్తూ పోయాను.

చైర్మన్ నా కలంకేసి పదేపదే చూశాడు.

"అంతా రాస్తున్నారామ్మా?"

"ఒక్క మాట వదలట్లేదండీ," అంది వదిన.

ఆయన నుదురు తుడుచుకుని, ఎన్నడూ లేనిది తీర్మానం పైకి చదివించాడు. వీధికంతా ఉన్న ఒక్క కుళాయీ తీసేయడమని విన్న సభ్యులకే సిగ్గేసి, దాన్ని కొట్టేశారు. కుళాయి ఉండిపోయింది.

మెట్లు దిగుతూ వదిన నా పుస్తకం లాక్కుని చూసింది. నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

"అబద్ధమాడింది నువ్వు వదినా. పాపం ఎవరికంటావు?"

"చెరిసగం. వచ్చే నెల మాత్రం వాళ్ళు చెప్పేది కూడా కాస్త రాయవే."