సెల్లార్లోంచి హాజరు

లేబర్ ఆఫీసు వాళ్ళు విచారణ ఆన్‌లైన్లో పెట్టారు. ఎవరి సౌకర్యానికో మీరే ఆలోచించుకోండి. కంపెనీ వకీలు చల్లటి గదిలో కూర్చుని మీట నొక్కితే చాలు. బిస్కెట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం పోగొట్టుకున్న కోడలు మాత్రం పొద్దున్నుంచీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని చోటు వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతోంది.

వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వుతున్నారు. ఆ యంత్రం మొదలైందంటే కిటికీ అద్దాలు పళ్ళు కొరుకుతాయి. ముందు గదిలో కూర్చుంటే తన మాట తనకే వినపడదు. వంటింట్లోనూ అంతే. చప్పుడు చేరని చోటు ఒక్కటే ఉంది, ఇంటి కింద సెల్లార్. పాత పరుపులు, బట్టలుతికే మిషను, విరిగిన కుర్చీలు, చుట్టూ మందపాటి కాంక్రీటు. చప్పుడు రాదు, నిజమే. వైఫై కూడా రాదు. ఫోన్ సిగ్నల్ సంగతి అడగనే వద్దు.

నోటీసులో ఒక్క ముక్క మాత్రం గుచ్చినట్టు రాశారు. పిలిచినప్పుడు తెర మీద లేని మనిషిని గైరుహాజరుగా రాసుకుని, ఉన్నవాళ్ళ మాట విని తేల్చేస్తారట. అంటే లైను తెగితే ఉద్యోగం మీద ఆశ తెగినట్టే. ఇంతకీ ఆమె చేసిన నేరమేమిటి? పక్కన పనిచేసే మనిషి చెయ్యి రోలర్లోకి పోతుంటే ఎర్ర బటన్ నొక్కి బెల్టు ఆపింది. కావాలని పని ఆపిందని రాసి బయటికి గెంటారు. రోలర్ మీద ఉండాల్సిన మూత ఎవరు తీయించారో మాత్రం ఒక్క కాగితంలోనూ లేదు. ఆ మాట చెప్పడానికి ఆమెకున్నది ఈ ఒక్క పూటే.

మొగుడు బస్సు తోలుతున్నాడు, ఫోన్ ఎత్తడు. ఇంట్లో మిగిలింది బైకు మెకానిక్ మరిది. వాడు బజారుకు పరుగెత్తి ఒక తెల్ల డబ్బాతో ఊడిపడ్డాడు.

"వదినా, నువ్వు కంగారు పడకు. దీన్ని ఎక్స్‌టెండర్ అంటారు. పైనున్న వైఫైని పట్టుకుని కిందికి తోస్తుంది."

"ఇంత చిన్నదా?"

"మనిషి చిన్నదే, పని పెద్దది. నాలాగా."

"నీలాగా అయితే మధ్యాహ్నం దాకా నిద్రే లేవదు," అంది అత్త మెట్ల మీంచి.

మరిది దాన్ని సెల్లార్లో, వదిన బల్ల పక్కనే ప్లగ్గులో గుచ్చాడు. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ పుల్లలు నిండుగా నిలబడ్డాయి. వాడు కాలరు ఎగరేశాడు. పేజీ మాత్రం తెరుచుకోలేదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"నిండా ఉందిగా వదినా!"

"పుల్లలున్నాయి. నెట్ ఏదీ?"

వాడు పీకాడు, మళ్ళీ పెట్టాడు. అరచేత్తో రెండు తగిలించాడు.

"అది బండి కాదురా తన్నడానికి," అంది కోడలు. పిలుపుకి ఇంకెంతో టైము లేదు. "అసలు దీనికే పైనుంచి వైఫై అందుతోందా? దీని దగ్గర లేనిది నాకేం ఇస్తుంది? పైకి పట్టుకురా."

మెట్ల మలుపులో ఒక ప్లగ్గుంది. అత్త అక్కడ నిలబడే బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అందులో పెడితే దీపం కాసేపు తన్నుకులాడి ఆకుపచ్చగా మారింది. కింద పేజీ తెరుచుకుంది. మరిది మెట్ల మీదే గంతేశాడు.

విచారణ మొదలైంది. కళ్ళద్దాల అధికారి, పక్కన గుమాస్తా, ఇంకో గడిలో వకీలు. వకీలు తీరిగ్గా మాట్లాడాడు. బెల్టు ఆగితే కంపెనీకి ఎంత బాధో చెప్పాడు. ఇనుముకి నొప్పి పుట్టినట్టు చెప్పాడు. చెయ్యి గురించి ఒక్క మాట లేదు.

"ఇప్పుడు మీరు చెప్పండమ్మా," అన్నాడు అధికారి.

"అయ్యా, ఆ రోజు రోలర్ మీద మూత..."

సరిగ్గా అప్పుడే మామ బయట్నుంచి వచ్చాడు. ఆయనకో జబ్బుంది. ఎక్కడ స్విచ్చు వేసి కనబడినా చెయ్యి ఊరుకోదు. ఫ్యాన్ కింద మనిషి కూర్చునుండగానే ఆపేసి పోతాడు. ఇంట్లో ఇంత గొడవ జరుగుతోందని ఆయనకెవరూ చెప్పలేదు. మెట్ల మలుపులో పట్టపగలు దీపం కనపడింది. ఇస్త్రీపెట్టె లేదు, మనిషి లేదు. టక్కుమని ఆపేశాడు.

తెర బిగుసుకుపోయింది. కోడలు బల్ల దగ్గర్నుంచి లేచింది. మూడేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చింది.

"మామయ్యా! స్విచ్చు!"

"ఆపేశానమ్మా. ఊరికే వెలుగుతోంది."

"నీ చేతికి సంకెళ్ళు వెయ్యా!" కేక విని వచ్చిన అత్త మొగుణ్ణి పక్కకు నెట్టి స్విచ్చు వేసింది. "కోడలి అన్నం ఆపావయ్యా నువ్వు!"

మామ మొహం పాలిపోయింది. డబ్బా తాపీగా లేచింది. ఎరుపు. మళ్ళీ ఎరుపు. కోడలు దాన్ని కళ్ళతోనే బతిమాలుతోంది. కిందనుంచి మరిది కేకలు: "ఇంకా తిరుగుతోంది... ఇంకా... వదినా, వచ్చింది, రా!"

ఆమె వెళ్ళి కూర్చునేసరికి అధికారి గుమాస్తా వైపు తిరిగి ఉన్నాడు. "...కార్మికురాలు గైరుహాజరు. రాసుకో."

"ఉన్నానండీ! ఇక్కడే ఉన్నాను!"

ఎవరూ తలెత్తలేదు. లైను మళ్ళీ కలిసినప్పుడు దానంతటదే పడ్డ మ్యూట్‌ని మరిది చటుక్కున వంగి తీశాడు.

"ఉన్నానండీ!"

అధికారి ఉలిక్కిపడ్డాడు. "మధ్యలో వెళ్ళిపోయారుగా. రాసేశాం."

"వెళ్ళలేదయ్యా. లైను పోయింది."

"లైను ఎవరిది వాళ్ళే చూసుకోవాలని నోటీసులోనే ఉంది సార్," అన్నాడు వకీలు.

అధికారి ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచినట్టే ఆగిపోయాడు.

"మళ్ళీ పోయిందా?" కోడలు మెట్ల వైపు అరిచింది.

"ఇక్కడ ఆకుపచ్చే ఉందే!" అత్త జవాబిచ్చింది. "మీ మామని నా పక్కనే కూర్చోబెట్టుకున్నా. చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి."

తెర మీద వకీలు గడియారం చూసుకుంటున్నాడు. కదులుతున్నాడు. పోయింది ఆయన లైను కాదు, ఈమె లైనూ కాదు. అధికారి గడి నల్లబడి మాయమైంది. వకీలూ ఆమే మిగిలారు, ఎదురెదురుగా.

"వస్తారు. ఆగండి," అన్నాడు వకీలు.

"ఆగుతాను. నేనెక్కడికీ పోలేదు."

కాసేపటికి అధికారి మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు, నుదురు తుడుచుకుంటూ. "మా ఆఫీసులో నెట్ ఆగిపోయింది. ఎక్కడున్నాం మనం?"

కోడలి నోరు ఆగలేదు.

"అయ్యా, ఇప్పుడు మీరు లేరు కదండీ. మీకు గైరుహాజరు ఎవరు రాస్తారు?"

మరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అయిపోయింది, ఉన్న కాస్త ఆశా తుడిచిపెట్టుకుపోయింది అనుకుంది ఆమె. అధికారి కళ్ళద్దాలు తీశాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. వకీలు ఏదో అనబోతే అధికారి చెయ్యెత్తి ఆపాడు.

"రాసింది కొట్టెయ్," అన్నాడు గుమాస్తాతో. ఆమె మొహంలోకి చూడలేదు. "మొదటినుంచి చెప్పండమ్మా."

ఆమె ల్యాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంది.

"బటన్ సంగతి తర్వాత చెప్తానండీ. ముందు ఆ మూత ఎవరు తీయించారో రాసుకోండి."