గడియారాల మేస్త్రికి ప్రోగ్రామర్ కావలెను

కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, చొక్కా వంకీకి తగిలించి, గడియారాల మేస్త్రి రోజూ చేసే మొదటి పని దీపం వెయ్యడం. మేస్త్రంటే మాటలా! ఆయన చెయ్యి తగిలితే తాతలనాడు ఆగిపోయిన గోడగడియారం కూడా లెంపలేసుకుని, బాకీపడ్డ గంటలన్నీ ఒక్క గుక్కలో కొట్టేసేది. ఆ మోతకి పొరుగూరి రైలు వేళకి ముందే బయల్దేరిందంటే, కాదన్న మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

అంతటివాడి ఇంట్లో వెలుతురు మాత్రం నిలిచేది కాదు. భార్య పోయిన దగ్గర్నుంచీ అంతే. స్విచ్ వెయ్యగానే వెలుతురు నేలమీదికి దిగి, గుమ్మం దాటి, వీధిలో పడి పోయేది. ఎదురింటి దర్జీ దాంతోనే బొత్తాలు కుట్టుకునేవాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ కాస్త పచ్చగా వస్తోంది?"

"బల్బు మార్చానయ్యా."

చీకట్లో అన్నం తినే మనిషికి ఇల్లెంతకాలం ఇల్లుగా ఉంటుంది? అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని అక్క పోరు. మేస్త్రి ఆఖరి ప్రయత్నంగా ఒక దీపం మొదలెట్టాడు. ఊపిరి తీసినట్టు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గే దీపం. గుప్పుమంటే కదా వెలుతురు బెదిరి పారిపోయేది, నెమ్మదిగా పిలిస్తే ఆగదా అని ఆయన ఆశ. ఎనిమిది కాళ్ల చిప్ ఒకటి తెచ్చాడు. దానికా నడక నేర్పాలంటే, కంప్యూటర్లో రాసింది చిప్‌లోకి ఎక్కించే చిన్న పరికరం కావాలి. దాన్ని ప్రోగ్రామర్ అంటారు.

"అక్కా, ఇదీ తప్పితే ఇల్లు అమ్మేసి వచ్చేస్తాను. ముందు ఒక మంచి ప్రోగ్రామర్‌ని చూసుకోనీ" అన్నాడు ఫోన్లో.

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నిజంగానే చూస్తున్నావురా?"

"చూస్తున్నా. కొత్తదే కావాలని లేదు. ఇంతకుముందు ఇంకోచోట ఉండి వచ్చిందైనా ఫర్వాలేదు. నమ్మకమైనదైతే చాలు."

"చూడ్డానికి బాగుండాలా?"

"చూపుకేముందక్కా! మనింటికి సర్దుకుపోవాలి గానీ."

"నా తండ్రే!" అని అక్క ముక్కు చీదింది.

మన భాష చేసిన నిర్వాకం అది. వస్తువుకీ ఆడమనిషికీ ఒకటే 'ది' కదా!

మర్నాడు సాయంత్రం అక్క మేడమీద అద్దెకుండే ఆవిడ వచ్చింది. మిల్లులో మగ్గాలకి ప్రోగ్రాములు రాసే మనిషి, ఒంటరిది. గుమ్మంలో పారుతున్న వెలుతుర్ని చూసి, చెప్పులు తడవకుండా అన్నట్టు పక్కన విడిచి లోపలికొచ్చింది.

"ప్రోగ్రామర్ కావాలన్నారట. మీ అక్కగారు దగ్గరుండి జడేసి మరీ పంపారు. ఎందుకో తెలీదు."

మేస్త్రికి తెలిసిపోయింది. చెవులు నిప్పుల్లా అయ్యాయి. "మనిషిని కాదండీ... వీటిల్లో ఒకదాన్ని చూసుకుంటున్నా" అంటూ బల్లమీది మూడు పరికరాలు ముందుకి తోశాడు.

ఆవిడ నవ్వాపుకుని, వెలుతురు పారే దారిలోనే చతికిలబడింది. "ఈ పెద్దది ఎందుకు తెచ్చారు?"

"వెయ్యి రకాల చిప్‌లు తెలుసన్నాడు కొట్టువాడు."

"ఆ వెయ్యిలో మీది లేదు. వెయ్యి భాషలొచ్చి మన మాట రాకపోతే ఏం లాభం? ఇక ఈ రెండోది. రాత మార్చినప్పుడల్లా చిప్ పీకి ఇందులో పెట్టాలి. ఎన్నిటి కాళ్లు విరిచారు?"

మేస్త్రి ఒక డబ్బాని వెనక్కి జరిపాడు. లోపల కుంటి చిప్‌లు గలగలమన్నాయి.

"ఇదిగో, ఈ బొటనవేలంతదే మీది. చిప్ దీపంలో ఉండగానే తీగలు తగిలించి మార్చుకోవచ్చు. మచ్చిక చేసుకునేదాన్ని పీకుతారా ఎవరైనా?"

తీగలు తగిలించి, తన కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుంది. "ఊపిరెంత పొడుగుండాలి?"

"మా ఆవిడ నిద్రలో తీసేదంత పెట్టాలనుకున్నానండీ. ఎంతో... సరిగ్గా గుర్తు రావడం లేదు."

ఆవిడ తలెత్తి చూసింది. "పోనీ మీరు తియ్యండి" అంది. ఆయన తీస్తుంటే, ఆ ఛాతీ వంకే చూస్తూ అంకెలు కొట్టింది.

దీపం ఊపిరి పోసుకుంది. వెలుతురు నేలమీదికి దిగింది, గుమ్మం దాకా పాకింది, ఆగింది. తిరిగొచ్చి ఆవిడ మోకాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంది.

"పనిచేస్తోందండీ" అని ఆవిడ లేచింది. వెలుతురూ లేచింది. ఆవిడ చెప్పుల్లో కాలు పెడుతుంటే వెనకే వెళ్లి నిలబడింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "తగ్గడం... కాస్త తొందరగా తగ్గుతోందేమోనండీ."

ఆవిడ దీపం వైపు చూసింది. ఆయన వైపు చూసింది. దీపంలో లోపమేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"అయితే కూర్చుని చూడాల్సిందే" అని చెప్పులు మళ్లీ విడిచింది. ఆవిడకంటే ముందే వెలుతురు లోపలికి దూరి, వంటింటి దాకా నిండిపోయింది.