ఊరు పెట్టిన పేరు

బాబీ పెట్టిన నియమం ఒక్కటే. ఆటలో ఎవడి నిక్‌నేమ్ వాడు పెట్టుకోకూడదు.

తార్నాకలో వాళ్ల ఫ్లాట్లో ప్రతి ఆదివారం బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరిదీ ఒక పాత్ర. బాబీ కథ నడిపేవాడు, మేం పాచికలు వేసి బతికేవాళ్లం, చచ్చేవాళ్లం. నన్ను అక్కడికి తీసుకెళ్లింది నా క్లాస్‌మేట్ స్నేహలత. నా పాత్ర కోట కాపలా సిపాయి. వాణ్ణి 'సింహబలుడు' అని పిలవమన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

"తనకు తానే సింహం అని పెట్టుకున్నవాణ్ణి ఎవడు నమ్ముతాడ్రా పరుశురాం?" అన్నాడు బాబీ. "పేరు ఊరు పెట్టాలి. వెనక తలెత్తుకోలేని కథొకటి ఉండాలి. బాగా నమ్మించినవాళ్లకి ఇంకోసారి పాచిక వేసే ఛాన్స్."

స్నేహలత పాత్ర విషం తాగిన మంత్రగత్తె. ఇంకోసారి పాచిక వేయకపోతే ఆమె ఆట ముగిసినట్టే. ఆమె నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను.

"బిందెదొంగ," అంది.

కథ కూడా చెప్పింది. "కరువుల పక్కింటోళ్ల ఇత్తడి బిందె పోతది. ఈడే తీసిండని ఊరంత అంటది. మెడకు బిందె కట్టి వాడవాడ తిప్పుతరు. ఎనక ఆ బిందె బాయిలనే దొరుకుతది. ఎవ్వరు తప్పయిందనరు. పేరు మాత్రం గట్లనే ఉంటది. పిల్లలను గూడ బిందెదొంగ కొడుకులనే అంటరు."

చప్పట్లు మోగాయి. "అబ్బా, ఎక్కణ్ణుంచి వస్తాయి స్నేహా నీకివి!" అన్నాడు బాబీ.

మా నాన్న గట్టయ్య దగ్గర్నుంచి వచ్చాయి. అడిక్‌మెట్‌లో చాయ్ తాగుతూ, ఎవరికీ చెప్పనని ఆమె ఒట్టేస్తే నేనే చెప్పాను. ఆ పేరు వినబడని చోటు కోసమే హైదరాబాద్ వచ్చానని కూడా చెప్పాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషైతే క్షమించేవాణ్ణి. ఈమె నెలల తరబడి దాచి, ధర పలికిన రోజు అమ్మింది.

మంత్రగత్తె బతికింది.

"గేమే గదా! గంత సీరియస్ అయితవేంది?" అంది మెట్లు దిగుతూ.

వారం తిరగకుండానే ఆ పేరు క్యాంపస్‌లో పాకింది. లైబ్రరీలో, క్యాంటీన్లో, బస్టాప్‌లో అదే పిలుపు. కోప్పడితే కథ నిజమని తెలిసిపోతుంది. అందుకని నవ్వాను. నా తండ్రి పరువు మీద నేనే నవ్వాను.

నిన్న నాన్న వచ్చాడు. సంచిలో అమ్మ చేసిన మక్కగారెలు. కాలేజీ మెట్ల కింద నిలబడి, "గింత పెద్దగున్నదా మీ బడి!" అని మురిసిపోతున్నాడు.

వెనక నుంచి బాబీ కేక వేశాడు. "ఒరేయ్ బిందెదొంగా!"

నేను తిరగలేదు. నాన్న తిరిగాడు. "ఆఁ" అని పలికాడు కూడా. ఊరివాళ్లెవరు వచ్చారా అని చుట్టూ వెతికాడు. నా వైపు చెయ్యి ఊపుతున్న బాబీ ఆయనకు కనిపించాడు. పక్కనే స్నేహలత.

ఆమె ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి, "నమస్తే అంకుల్," అంది.

నాన్న ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు. సంచి నా చేతికిచ్చి, వాళ్లకు వినబడకుండా అడిగాడు.

"గా పేరు గీడికి నువ్వే తెచ్చినవా బిడ్డా?"